మేడమ్, ఒక్కరేనా?

బొటిక్ అంటే మనకు తెలిసింది జాకెట్లు కుట్టే దుకాణమే. అందుకే ‘బొటిక్ హోటల్’ అన్న మాట వింటే నవ్వొస్తుంది. కానీ ఆ పేరు దుకాణం నుంచి వచ్చిందేనట. పెద్ద హోటళ్లు డిపార్టుమెంటు స్టోర్ల వంటివైతే తమది బొటిక్ వంటిదని, 1984లో న్యూయార్కులో మోర్గాన్స్ హోటల్ తెరిచిన స్టీవ్ రూబెల్ అన్నారని చెబుతారు. అంతకు ఆరేళ్ల ముందే, 1978లో, లండన్‌లో అనౌష్కా హెంపెల్ అనే ఆవిడ బ్లేక్స్ హోటల్ పెట్టింది. తక్కువ గదులు, ఒక్కో గదికీ ఒక్కో అందం, అతిథిని పేరుపెట్టి పలకరించే మనుషులు – ఇవీ దీని లక్షణాలు. అన్నీ ఖరీదైనవే కానక్కర్లేదు.

మా పెద్దమండ్యం వైపు వాళ్లకు పెద్ద ఊరంటే బెంగళూరే. మదనపల్లెలో బస్సెక్కితే మూడు నాలుగు గంటల ప్రయాణం. ఆస్పత్రికైనా, పిల్లల చదువుకైనా అక్కడికే. మగవాళ్లయితే లాడ్జీలో దిగుతారు. మనం మాత్రం చుట్టాలింట్లో దిగాలి. చుట్టాలు మంచివాళ్లే. కానీ వాళ్ల పిల్లల్ని హాల్లో పడుకోబెట్టి మనం మంచమెక్కడం, తెల్లవారగానే కొంగు బిగించి వాళ్ల వంటింట్లోకి దూరడం... ఇంతలో వెళ్లిన పని కాస్తా వెనకబడుతుంది.

మొన్నామధ్య కథలు రాసేవాళ్ల సమావేశానికి రెండు రోజులు ఒక్కదాన్నే వెళ్లాల్సొచ్చింది. “లాడ్జీలోనా? ఆడకూతురివి, ఒక్కదానివి ఎట్లుంటావమ్మా?” అంది మా అత్తమ్మ. మా ఆయన మాత్రం “రెండ్రోజులే కదా, పోయి రా” అన్నారు.

బస్టాండు దగ్గర మొదట అడిగిన లాడ్జీలో గుమాస్తా నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు. “మేడమ్, ఒక్కరేనా? సార్ రాలేదా? సింగిల్ లేడీసుకు రూమివ్వం” అన్నాడు. ఆధార్ కార్డు చేతిలో ఉంది, డబ్బు పర్సులో ఉంది. లేనిదల్లా పక్కన మగమనిషి!

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. 2017లో హైదరాబాదు ఎర్రగడ్డలో, ముందే గది బుక్ చేసుకుని వచ్చిన ఒక యువ కళాకారిణిని ఒంటరి స్త్రీ అన్న కారణంతో హోటలువాళ్లు వెనక్కి పంపారు. ఆమె ఆ సంగతి బయటపెడితే దేశమంతా చర్చించుకుంది. ఒంటరి స్త్రీకి గది ఇవ్వకూడదని ఏ చట్టంలోనూ లేదు. గుర్తింపు కార్డు చూపాలి, వివరాలు రాయాలి. ఆ నిబంధన మగవాళ్లకూ ఉన్నదే.

చివరికి మల్లేశ్వరంలో, పాత ఇంటిని బాగుచేసి నడుపుతున్న ఓ చిన్న హోటల్లో గది దొరికింది. కౌంటర్లో ఉన్నావిడ “ముందు కాఫీ తాగండి, తర్వాత రాద్దురుగానీ” అంది. ఆ రాత్రి గడియ పెట్టుకుని మర్నాడు చదవాల్సిన కథను మూడుసార్లు దిద్దుకున్నాను. పొద్దున ఎవరో చేసిన ఇడ్లీ తిని, ప్లేటు కడగకుండా లేచాను. ఆ సుఖం ఇల్లాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆ మల్లేశ్వరంలోనే ఒక ఆంధ్ర కుటుంబం వారి తోట బంగళాను నీమ్రానా సంస్థ ‘విల్లా పొట్టిపాటి’ పేరుతో హోటలుగా నడిపింది. గదులకు పోచంపల్లి, గద్వాల అంటూ మన చీరల పేర్లు పెట్టారట. ఎంత ముచ్చటైన ఆలోచన!

గది తీసుకునే ముందు

* ఒక్కరే వస్తున్నామని ఫోనులోనే చెప్పి, గది ఇస్తారో లేదో తేల్చుకోండి.

* చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉంటుంది. వీలైతే దాని నకలే ఇవ్వండి.

* రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదులపై జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. బిల్లు చూసుకోండి.

* సామాను దించకముందే తలుపు గడియ, కిటికీలు, స్నానాలగది పరీక్షించండి. గది నంబరు ఇంట్లోవాళ్లకు చెప్పండి. అవసరమైతే 112కు ఫోన్ చేయండి.

ఆడపిల్లలను పరీక్షలకు, ఉద్యోగాలకు దూరాభారం పంపుతున్నాం. రేపు వాళ్లూ ఏదో ఒక కౌంటరు ముందు నిలబడాల్సిందే. “ఒక్కదానివేనా?” అన్న ప్రశ్న ముందు మన ఇళ్లలో ఆగితే, ఆ కౌంటరు దగ్గర జవాబు చెప్పే ధైర్యం వాళ్లకు తనంతట అదే వస్తుంది.