దీపం... అమ్మా? నాన్నా?

కంప్యూటర్ నిపుణుల సంఘం సభ అంటే ఎలా ఉంటుంది? లెక్కలు, గ్రాఫులు, తలపండిన ప్రొఫెసర్ల ఉపన్యాసాలు! కానీ ఓ సంఘం సభలకు మాత్రం జనం సినిమాలు చూడటానికి వెళ్తారు. ఈలలు వేస్తారు, చప్పట్లు కొడతారు. ‘టాయ్ స్టోరీ’ నుంచి మన ‘ఈగ’ దాకా వచ్చిన దారి ఆ హాల్లోంచే మొదలైందంటే ఆశ్చర్యమే కదూ!

ఆ సంఘం పేరు సిగ్రాఫ్. 1947లో అమెరికాలో పుట్టిన కంప్యూటర్ నిపుణుల సంస్థ ఏసీఎంలో ఇదో విభాగం. కంప్యూటర్‌తో బొమ్మలు గీయడం ఎలా అన్నదే వీళ్ల లోకం. 1974లో కొలరాడోలోని బౌల్డర్‌లో మొదటి మహాసభ జరిగింది. క్రమంగా సభలతో పాటు సినిమా ప్రదర్శనా ఆనవాయితీ అయింది. పగలంతా పరిశోధన పత్రాలు చదువుతారు. ఆ తర్వాత హాల్లో లైట్లు ఆరిపోతాయి. ఆ ఏడాది కంప్యూటర్ మీద తయారైన చిట్టి చిత్రాల్లో మేలైనవి తెర మీదికి వస్తాయి.

అంత దూరం అందరూ వెళ్లలేరు కదా! అందుకే న్యూయార్క్, లాస్ ఏంజెలిస్, వాంకూవర్, లండన్, పారిస్ లాంటి నగరాల్లో స్థానిక శాఖలు ఏర్పడ్డాయి. 1979 నుంచి ‘సిగ్రాఫ్ వీడియో రివ్యూ’ పేరుతో క్యాసెట్లూ వచ్చాయి. రెండు నిమిషాల సినిమాకి థియేటర్లలో చోటు లేని రోజులవి. యూట్యూబ్ ఊసే లేదు. అలాంటి బొమ్మని పెద్ద తెర మీద, పదిమంది మధ్య చూడాలంటే ఈ ప్రదర్శనలే దిక్కు.

కొండల్ని పెంచాడు!

1980లో మహాసభ సియాటిల్‌లో జరిగింది. అక్కడి బోయింగ్ విమానాల కంపెనీలో లోరెన్ కార్పెంటర్ అనే ఉద్యోగి ఉండేవాడు. కంప్యూటర్‌లో గీసిన విమానాల వెనక నిజమైన కొండలు కనిపించాలన్నది అతని కోరిక. కానీ కొండకుండే ఒక్కో గుంటా, మిట్టా చేత్తో గీయడం అయ్యే పనేనా? దానికో చిట్కా కనిపెట్టాడు. ఓ పెద్ద త్రిభుజాన్ని చిన్న త్రిభుజాలుగా విడగొట్టి, వాటి మూలల్ని కాస్త పైకో కిందికో జరపాలి. వాటిని మళ్లీ విడగొట్టాలి. ఇలా చేస్తూపోతే కంప్యూటరే కొండని ‘పెంచేస్తుంది’. గణితవేత్త మాండెల్‌బ్రాట్ చెప్పిన ఫ్రాక్టల్స్ సూత్రమే దీనికి ఆధారం.

ఆ కొండల మీదుగా ఎగిరినట్టు రెండు నిమిషాల సినిమా తీశాడు కార్పెంటర్. పేరు ‘వోల్ లిబ్ర్’. ఒక్కో ఫ్రేముకీ కంప్యూటర్ 20 నుంచి 40 నిమిషాలు తీసుకునేది. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములుంటాయి. ఇక లెక్క మీరే వేసుకోండి! ప్రదర్శన అయ్యేసరికి హాలు హోరెత్తింది. ‘స్టార్ వార్స్’ దర్శకుడు జార్జ్ లూకాస్ సంస్థలో కంప్యూటర్ విభాగాన్ని నడిపే ఎడ్ క్యాట్మల్, ఆల్వీ రే స్మిత్ అక్కడే ఉన్నారు. కార్పెంటర్‌కి ఉద్యోగం దొరికింది. 1982లో వచ్చిన ‘స్టార్ ట్రెక్-2’లో ఎడారి గ్రహం మీద కొండలు మొలిచే దృశ్యం వెనక ఉన్నది ఆ చిట్కానే.

సగం బొమ్మకీ చప్పట్లే

1984లో లూకాస్ బృందానిదే మరో ప్రయత్నం. అడవిలో ఓ కుర్రాడిని తేనెటీగ తరిమే చిన్న కథ... ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ ఆండ్రే అండ్ వాలీ బి’. డిస్నీ నుంచి ఉద్వాసనకు గురై వచ్చిన యానిమేటర్ జాన్ లాసెటర్ ఆ పాత్రలకి ప్రాణం పోశాడు. తీరా మినియాపొలిస్ సభ దగ్గరపడేసరికి సినిమా పూర్తికాలేదు. రంగులద్దని చోట్ల ఉత్త గీతల బొమ్మలతోనే చూపించాల్సి వచ్చింది. పరువు పోతుందని అంతా భయపడ్డారు. విచిత్రం... చాలామంది ప్రేక్షకులు ఆ తేడానే గమనించలేదు. వాళ్లు కథలో పడిపోయారు మరి!

ఒక్క ప్రశ్న

1986 ఫిబ్రవరిలో ఆ విభాగాన్ని స్టీవ్ జాబ్స్ కొన్నాడు. అదే పిక్సర్ అయింది. అప్పట్లో వాళ్ల వ్యాపారం ఖరీదైన కంప్యూటర్లు అమ్మడం. సినిమాలు ఆ యంత్రాల సత్తా చూపించే ప్రచారం కిందే లెక్క. ఆగస్టులో డల్లాస్ సభకి లాసెటర్ తీసుకెళ్లింది ‘లక్సో జూనియర్’. రెండు టేబుల్ ల్యాంపులు, ఓ బంతి... అంతే సినిమా. పిల్ల దీపం బంతితో ఆడుకుంటుంది, పెద్ద దీపం చూస్తుంటుంది. మాటల్లేవు. ముఖాలూ లేవు. మెడ వంచడం, గెంతడం, తల దించుకోవడం... వీటితోనే అల్లరీ, బెంగా, మురిపెం అన్నీ తెలిసిపోతాయి. సినిమా ముగియకముందే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

తర్వాత జిమ్ బ్లిన్ అనే పేరున్న గ్రాఫిక్స్ శాస్త్రవేత్త లాసెటర్ దగ్గరికొచ్చాడు. దీపాల నీడలు ఎలా లెక్కకట్టారని అడుగుతాడేమోనని లాసెటర్ కంగారుపడ్డాడు. బ్లిన్ అడిగింది వేరు... ఆ పెద్ద దీపం అమ్మా, నాన్నా అని! గెలిచామని లాసెటర్‌కి అప్పుడే అర్థమైంది. కిటుకులు తెలిసిన శాస్త్రవేత్తే కిటుకుని మరిచిపోయి, కుటుంబాన్ని చూశాడు.

‘లక్సో జూనియర్’కి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. 1989లో పిక్సర్ ‘టిన్ టాయ్’ ఏకంగా ఆస్కారే గెలుచుకుంది. కంప్యూటర్ యానిమేషన్‌కి అదే తొలి ఆస్కార్. 1995లో ‘టాయ్ స్టోరీ’ విడుదలైంది. పూర్తిగా కంప్యూటర్ మీదే తయారైన మొదటి పూర్తినిడివి సినిమా అది.

విద్యార్థికీ అదే తెర

ఈ తెర మీద పెద్ద సంస్థలకీ, ఒంటరి కుర్రాళ్లకీ ఒకటే కొలత. లాస్ ఏంజెలిస్ విశ్వవిద్యాలయ విద్యార్థి షేన్ యాకర్ నాలుగేళ్లకు పైగా కష్టపడి ‘9’ అనే లఘుచిత్రం తీశాడు. 2005 సిగ్రాఫ్‌లో అదే అత్యుత్తమ చిత్రం. 2009లో టిమ్ బర్టన్ నిర్మాతల్లో ఒకరిగా అది పూర్తినిడివి సినిమాగా వచ్చింది. ఇక్కడ బహుమతి పొందిన చిత్రాలకి 1999 నుంచి ఆస్కార్ పోటీకి అర్హత కూడా ఉంది.

ఆ దీపం వెలుగు మన దాకా వచ్చింది. 2012లో ‘ఈగ’ తీసిన రాజమౌళికి ‘లక్సో జూనియరే’ ప్రేరణ. ఈగ మాట్లాడదు. దాని ముఖంలో నవ్వూ ఏడుపూ పలకవు. అయినా దాని ప్రేమా, పగా పల్లెటూరి అవ్వకి కూడా అర్థమయ్యాయి. హైదరాబాద్ సంస్థ మకుట పనితనానికి జాతీయ పురస్కారం దక్కింది.

అప్పట్లో గంటలు పట్టిన బొమ్మని ఇప్పుడు చేతిలోని ఫోనే కనురెప్పపాటులో గీసేస్తోంది. ఇంటర్నెట్లో వెతికితే దొరకని సినిమా లేదు. అయినా ఒక పరీక్ష మాత్రం మారలేదు. చీకటి హాల్లో, ముక్కూమొహం తెలియని మనుషుల మధ్య బొమ్మని ఆడించాలి. ఎలా చేశారని అడిగితే సగం మార్కులే. తర్వాత దానికేమైందని అడిగారా... నూటికి నూరు!