కార్డుకు ఆసామి సంతకం, ఖాళీ నోటుకు మన సంతకం

వత్సవాయి పొలాల్లో మిరప, పత్తి వేసే కౌలుదారు బ్యాంకు గడప ఎందుకు ఎక్కలేకపోతున్నాడు? 2011 చట్టం రుణ అర్హత కార్డుకు యజమాని సంతకం అడగలేదు. 2019 చట్టం ఆ సంతకం ఉంటేనే 11 నెలల కార్డు అంది. కార్డుతో భూమిపై హక్కు రాదని చట్టమే చెప్పినా ఆసామికి భయం పోదు. పైగా ఆ సర్వే నెంబరు మీద తానే పంట అప్పు వాడుకుని ఉంటాడాయె!

ఇక దిక్కు షావుకారి ప్రామిసరీ నోటు. స్టాంపు మీద సంతకం పెట్టి ఖాళీగా ఇచ్చామా, 1881 నాటి చట్టం 20వ సెక్షను ప్రకారం అంకె నింపుకునే అధికారం అతనికి ఇచ్చినట్టే. నోటు గడువు మూడేళ్లు. ‘‘వంద చెల్లు వేసి సంతకం పెట్టు’’ అంటాడు. గడువు లోపల పెడితే మళ్లీ మూడేళ్లు మొదలు. కాబట్టి అంకె, వడ్డీ, తేదీ రాశాకే సంతకం పెట్టండి. బాకీ తీరిన రోజే నోటు వెనక్కి తీసుకోండి.