పొగగొట్టంలో పోయే వేడి

పిల్లలూ! గ్యాస్ పొయ్యి మీద చన్నీళ్ల గిన్నె పెట్టినప్పుడు ఎప్పుడైనా పరిశీలనగా చూశారా? గిన్నెను బయట పొడిగా తుడిచి పెట్టినా, మంట తగిలిన కొద్ది క్షణాల్లోనే చుట్టూ చెమట పట్టినట్లు తడి కనిపిస్తుంది. కాసేపటికి అదే మాయమౌతుంది. ఇది చూసి మా ఇంట్లో ఒకసారి గిన్నె కారుతోందనుకుని, మాట్లు వేసేవాడికి ఇవ్వబోయారు. నిజానికి ఆ తడి గిన్నెలోది కాదు, మంటలోది!

“మంటలో నీళ్లేమిటి మాస్టారూ?” అంటారేమో. వంటగ్యాసులో కార్బన్‌తో పాటు హైడ్రోజన్ కూడా ఉంది. హైడ్రోజన్ మండి ఆక్సిజన్‌తో కలిస్తే ఏర్పడేది నీరే. ఆ వేడికి అది ఆవిరి రూపంలో పుడుతుంది. చల్లని గిన్నె తగలగానే నీటి బిందువులుగా మారుతుంది. గిన్నె వేడెక్కాక ఇక నిలవదు.

ఇంత చిన్న విషయం మీద వేల డాలర్ల ఖర్చు ఆధారపడి ఉందంటే నమ్ముతారా? మా చెల్లెలి కూతురు అమెరికాలో చికాగో దగ్గర ఉంటుంది. అక్కడ జనవరిలో నీళ్లు గడ్డకట్టే చలి మామూలే. ఆమె ఫోన్ చేసి, “మామయ్యా! మా ఇంట్లో ఫర్నేస్ పాతబడింది. కొత్తరకం పెట్టించుకోమంటున్నారు. ఏం చెయ్యమంటావు?” అని అడిగింది.

ఫర్నేస్ అంటే ఇల్లంతటినీ వెచ్చగా ఉంచే యంత్రం. అందులో సహజవాయువు మండుతుంది. వేడి వాయువులు లోహపు గొట్టాల లోపలి నుంచి పోతుంటే, ఆ గొట్టాల పైనుంచి ఫ్యాను ఇంటిగాలిని తోస్తుంది. గాలి వేడెక్కి గదుల్లోకి వెళ్తుంది. కాలిన వాయువులు పొగగొట్టం గుండా బయటికి పోతాయి. రెండూ ఎక్కడా కలవకూడదు.

నూరు పాళ్ల వేడి పుడితే ఇంటికి ఎన్ని పాళ్లు దక్కుతుందో అదే దాని దక్షత. బాగా పాతవాటిలో ఇది 56 నుంచి 70 శాతం. అమెరికాలో 1992 నుంచి కనీసం 78 శాతం ఉండాలని నియమం వచ్చింది. తర్వాతి మామూలు రకాలు 80 శాతం దగ్గర ఉంటాయి. కొత్తరకాలవి 90 నుంచి 98 శాతం.

మరి మిగిలిన వేడి ఎక్కడికి పోతోంది? సహజవాయువులో ముఖ్యమైనది మీథేన్. 16 గ్రాముల మీథేన్ మండితే 36 గ్రాముల నీరు పుడుతుంది. అంటే కిలోకు రెండుంబావు కిలోల నీటి ఆవిరి! ప్రతి గ్రాము ఆవిరిలోనూ 2,260 జౌళ్ల గుప్తోష్ణం దాగి ఉంటుంది. మరిగే నీటి కన్నా ఆవిరి ఎక్కువగా కాల్చేది అందుకే. మొత్తం లెక్క కడితే, పుట్టిన వేడిలో దాదాపు పదో వంతు ఈ ఆవిరితోనే బయటికి పోతోంది. వాయువుల్లో మిగిలిన వేడి దీనికి అదనం.

కొత్తరకం ఫర్నేస్‌లో అదనంగా ఇంకొక గొట్టాల వరుస ఉంటుంది. అక్కడ వాయువులు సుమారు 55 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడేసరికి ఆవిరి నీరై, తన గుప్తోష్ణాన్ని ఇంటిగాలికి ఇచ్చేస్తుంది. మన గిన్నె మీది చెమటే ఇక్కడ పనిచేస్తోందన్నమాట! ఆ నీటికి కొంచెం ఆమ్లగుణం ఉంటుంది కనుక గొట్టాలను తుప్పు పట్టని ఉక్కుతో చేస్తారు. బయటికి పోయే వాయువు ఎంత చల్లబడుతుందంటే, దానికి ప్లాస్టిక్ గొట్టం చాలు.

అయితే వెంటనే మార్చెయ్యాలా? లెక్క వేద్దాం. అక్కడ గ్యాసును థెర్మ్‌లలో కొలుస్తారు. ఏడాదికి 800 థెర్మ్‌లు కాలుతున్నాయనీ, పాత ఫర్నేస్ దక్షత 80 శాతమనీ అనుకుందాం. ఇంటికి దక్కేది 640. కొత్తది 95 శాతమైతే, అదే వేడికి 674 చాలు. మిగిలేది 126. థెర్మ్ ఒక డాలరైతే ఏడాదికి 126 డాలర్లు. కొత్తదానికి 6,000 డాలర్లు అవుతుందనుకుంటే, ఆ డబ్బు తిరిగి రావడానికి 47 ఏళ్లు దాటుతుంది. ఫర్నేస్ మాత్రం సాధారణంగా 15, 20 ఏళ్లే పనిచేస్తుంది!

కాని పాతది చెడిపోయి ఎలాగూ కొనక తప్పదనుకోండి. మామూలుది 4,500, మంచిది 6,000 అయితే చూడవలసింది తేడా 1,500 మాత్రమే. అది సుమారు 12 ఏళ్లలో తిరిగి వస్తుంది. అప్పుడు మంచిదే కొనాలి. చూశారా! యంత్రాలు అవే అయినా, అడిగే ప్రశ్న మారితే జవాబు మారింది.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ లెక్క పనికిరాదు. లోపలి గొట్టాలకు పగులు ఏర్పడితే కాలిన వాయువులు ఇంటిగాలిలో కలవవచ్చు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటే, దానికి రంగూ వాసనా ఉండవు. నెత్తుటిలోని హీమోగ్లోబిన్‌ను పట్టుకుని ఆక్సిజన్ అందకుండా చేస్తుంది. నిద్రలో ఉన్నవారు నిద్రలోనే పోతారు. అందుకే, “అమ్మాయీ! ముందు తెలిసినవాళ్లతో గొట్టాలు పరీక్ష చేయించు. ఆ వాయువును పసిగట్టే గంట ఇంట్లో ఉందో లేదో చూడు. డబ్బు లెక్క తర్వాత” అన్నాను.

పరీక్షలో పగుళ్లేమీ లేవని తేలింది. ఆమె కిటికీల సందులు మూయించి, పైకప్పు కింద గాజుఉన్ని పరిపించింది. బయటికి పోయే వేడి తగ్గితే కావలసిన వేడీ తగ్గుతుంది కదా! ఫర్నేస్ మార్చడం అది చెడినప్పటి మాట.

మనకు ఫర్నేస్ అక్కర లేదు, ఫ్యాన్లు కావాలి. పాత ఫ్యాను 75 వాట్లు, కొత్తరకం 30 వాట్లు అనుకోండి. రోజుకు పది గంటలు తిరిగితే ఎన్ని యూనిట్లు మిగులుతాయి? మీ ఇంటి కరెంటు బిల్లు, ఫ్యాను ధర తెలుసుకుని, ఎన్నేళ్లకు డబ్బు తిరిగి వస్తుందో లెక్క కట్టండి. ఆ తర్వాతే నాన్నగారిని కొత్త ఫ్యాను అడగండి!