విదూషకుడి మూట

స్కార్‌బరోలో ఫిబ్రవరి శనివారం ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. పొద్దున్న వాకిట్లో మంచు తవ్వడం, మధ్యాహ్నం కిరాణా కొట్టు, ఆరు దాటితే చీకటి. అలాంటి ఒక సాయంత్రం మా పన్నెండేళ్ళవాణ్ణి బేస్‌మెంట్‌లో కూర్చోబెట్టుకుని, నా హాస్టల్ రోజుల నాటి గేమ్ ఒకటి బయటికి తీశాను. పేరు బాల్డర్స్ గేట్ 2. మన కెనడా సరుకే, ఎడ్మంటన్‌లోని బయోవేర్ వాళ్ళు 2000లో తెచ్చారు. 2013లో అదే ఊరి బీమ్‌డాగ్ కంపెనీ దానికి మెరుగులు దిద్ది మళ్ళీ విడుదల చేసింది.

పాత్రని ఎంచుకోమన్నాను. ఏ యోధుణ్ణో, మాంత్రికుణ్ణో ఎంచుకుంటాడనుకున్నాను. వాడు జాబితా అంతా చదివి, "నాన్నా, నాకు జెస్టర్ కావాలి," అన్నాడు.

నాకు చిర్రెత్తింది. కారణం ఉంది. అంతకు రెండు రోజుల ముందే వాళ్ళ టీచరు దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది, మీవాడు జోకులు వేస్తూ పాఠం సాగనివ్వడం లేదని. గట్టిగానే కేకలేశాను. బళ్ళో చేసేది చాలక ఆటలోనూ అదేనా? అయినా శనివారం కదా అని ఊరుకున్నాను.

ఈ గేమ్ తెలియనివాళ్ళకోసం నాలుగు మాటలు. ఇందులో బార్డ్ అంటే ఊరూరా తిరుగుతూ కథలు పాడే గాయకుడు. కొంచెం కత్తి, కొంచెం మంత్రం, కొంచెం జేబులు కొట్టే విద్య వస్తాయి. మామూలు బార్డ్ పాడితే మనవాళ్ళకి ధైర్యం, బలం. జెస్టర్ అనే రకం మాత్రం తిరకాసు మనిషి. అతని పాటతో మనవాళ్ళకి ఒరిగేది ఏమీ లేదు. ముప్ఫై అడుగుల లోపల ఉన్న శత్రువులకి మతి పోతుంది. అంతే.

మొదటి పొరపాటు నాదే. మా దగ్గరున్న వాటిలో మంచి కత్తీ, తోలు కవచమూ తీసి జెస్టర్‌కి తగిలించాను. ఎదురుపడ్డ మొదటి గుంపే వాణ్ణి మట్టుబెట్టింది. మావాడు నావంక చూశాడు. నేను గేమ్‌ని మళ్ళీ లోడ్ చేశాను.

తప్పెక్కడుందో ఆలోచిస్తే తేలిందిది. పాడుతున్న బార్డ్ కత్తి ఝుళిపించలేడు, కత్తి ఎత్తితే పాట ఆగిపోతుంది. మామూలు కవచం తొడుక్కుంటే మంత్రాలు చదవలేడు. అంటే నేనిచ్చిన రెండు వస్తువుల్లో ఒకటి పనికిరాదు, రెండోది అతని విద్యలో సగాన్ని కట్టేసింది.

ఇక లెక్కలోకి దిగుదాం. పాట వినపడ్డ ప్రతి శత్రువూ రౌండుకోసారి ఇరవై ముఖాల పాచిక వేస్తాడు. దీన్నే సేవింగ్ త్రో అంటారు. పన్నెండో, అంతకంటే ఎక్కువో పడితే తప్పించుకునే శత్రువుని తీసుకోండి. జెస్టర్ పాట విషయంలో శత్రువుకి నాలుగు అదనంగా కలుపుతారు కనక ఎనిమిది పడితే చాలు. తప్పించుకునే అవకాశం నూటికి 65. ఇంతేనా అనిపిస్తుంది. కానీ పాట ఆగకుండా మూడు రౌండ్లు సాగితే మూడుసార్లూ తప్పించుకునే అవకాశం 27కి పడిపోతుంది. అయిదు రౌండ్లయితే 12 కూడా ఉండదు. గేమ్‌లో రౌండంటే ఆరు సెకన్లే. కాబట్టి జెస్టర్‌కి కావలసింది దెబ్బకొట్టే సామాను కాదు. శత్రువుల మధ్య అర నిమిషం చావకుండా నిలబడే సామాను.

ఆ దృష్టితో మూట మళ్ళీ సర్దాం. ఒంటిమీద కవచం తీసేసి, రక్షణనిచ్చే మాయ కంకణాలు తొడిగాం. వీటితో మంత్రాలకి అడ్డులేదు. వేలికి రక్షణ ఉంగరం. మాయ కవచం వేసుకున్నవాణ్ణి ఈ ఉంగరం పెట్టుకోనివ్వదు గేమ్, కంకణాలతో ఆ పేచీ లేదు. కాళ్ళకి వేగం పెంచే బూట్లు, ముప్ఫై అడుగుల దూరంలోకి చొరబడటానికీ, అవసరమైతే పరుగెత్తడానికీ. మంత్రాల్లో రెండు తప్పనిసరి. మిర్రర్ ఇమేజ్ అతనిలాంటి ఉత్త రూపాల్ని చుట్టూ నిలబెడుతుంది. ఇన్‌విజిబిలిటీ అతన్ని అదృశ్యం చేస్తుంది. అందులో గమ్మత్తేమిటంటే, కత్తి దూస్తే అదృశ్యం చెదిరిపోతుంది గాని పాడితే చెదరదు. కనపడనివాడు పాడుతుంటాడు, గుంపు గుంపంతా పిచ్చెత్తి ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుంటుంది. ఒక జాగ్రత్త, మతిపోయినవాడు పక్కన ఎవరుంటే వాళ్ళమీద పడతాడు. మన యోధుల్ని కాస్త ఎడంగా ఉంచాలి.

మావాడు పగలబడి నవ్వుతున్నాడు. నాకు మా ఊళ్ళో చూసిన బుర్రకథ గుర్తొచ్చింది. నడుమ తంబురాతో కథకుడు, అటూ ఇటూ డక్కీలు పట్టుకున్న వంతలు. ఒకాయనది రాజకీయం, ఒకాయనది హాస్యం. హాస్యం చెప్పే ఆయన చేతిలో ఉండేది ఆ డక్కీ ఒక్కటే. జనం ఎదురుచూసేది మాత్రం ఆయన నోటికోసమే. ఇది మావాడికి చెప్పి, "ఇంతకీ క్లాసులో నీకా జోకులెందుకురా?" అన్నాను.

స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండానే అన్నాడు: "వాళ్ళు నవ్వుతున్నంతసేపూ నా పేరుని వెక్కిరించడం మర్చిపోతారు నాన్నా."

నాకు మాట రాలేదు. ముచ్చటపడి మేం పెట్టుకున్న నాలుగక్షరాల పేరది. శత్రువుల మధ్యన, ముప్ఫై అడుగుల లోపల, వీడు ఎన్నాళ్ళనుంచి ఇలా ఒంటరిగా పాడుతున్నాడో.

అప్పుడు గుర్తొచ్చింది, మూటలో పెట్టని వస్తువు ఇంకొకటుందని. గ్రేటర్ మాలిసన్ అని నాలుగో స్థాయి మంత్రం. శత్రువుల సేవింగ్ త్రో నుంచి నాలుగు తగ్గిస్తుంది. అంటే జెస్టర్ పాటలో వాళ్ళకి దొరికే అదనపు నాలుగూ చెల్లు. ఇందాకటి శత్రువుకి మళ్ళీ పన్నెండు పడాల్సిందే. మూడు రౌండ్లు తప్పించుకునే అవకాశం 27 నుంచి 9కి దిగుతుంది. పాడేవాడు పాట ఆపి తనే ఆ మంత్రం చదవడంకంటే, వెనక నిలబడ్డ మాంత్రికుడు చదవడం మేలు. జెస్టర్ పాట మనవాళ్ళకి ఏమీ ఇవ్వదన్నాను కదా. మనవాళ్ళే అతనికి ఇవ్వాలి.

"మాంత్రికుణ్ణి నేను ఆడతాను, నువ్వు పాడు," అన్నాను.

ఆ రాత్రే టీచరుకి జవాబు రాశాను. క్షమాపణ ఒక్కటే కాదు, కలిసి మాట్లాడటానికి టైమిమ్మని. క్లాసులో పాఠం పాడవకూడదన్న మాట నిజమే, అది వాడికీ చెప్పాను. వాడి పేరు ఎలా పలకాలో చెప్పడం మాత్రం ఈసారి నా పని.

మా జెస్టర్‌కి ఇప్పటికీ కత్తి లేదు. వాడు అడగలేదు కూడా.