చెక్ ఇంజిన్ లైట్ వెలిగిందా? ఓబీడీ స్కానర్ ఏం చెప్తుంది, ఏం చెప్పదు

మొన్న మే నెలలో హైదరాబాద్ నుంచి నందిగామ వస్తున్నాం. జగ్గయ్యపేట దగ్గర చిల్లకల్లు టోల్ ప్లాజా క్యూలో మా కారు ఠక్కున ఆగిపోయింది. వెనక సిమెంట్ లారీ, దాని వెనక ఇంకో లారీ, ఒకటే హారన్లు. రెండోసారి సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయింది కానీ మీటర్‌లో చెక్ ఇంజిన్ లైట్ మాత్రం అలాగే ఉండిపోయింది.

మాది 2013 చివర్లో కొన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నాన్న పని మీద రోజూ నందిగామ, జగ్గయ్యపేట మధ్య తిరిగేది దీంట్లోనే. హైవే మీద ఒక్కరే ఉన్నప్పుడు ఇలా ఆగితే? ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే ఆల్టర్నేటర్ పోయింది, మార్చాలంటే 8,500 అవుతుందన్నారు. "ఇంక అమ్మేద్దాంలే" అన్నారు నాన్న. నేను మాత్రం ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ ఆర్డర్ పెట్టాను. చివరికి 180 రూపాయల వైరుతో కారు బాగైంది. కానీ మధ్యలో నేనే 2,400 వేస్ట్ చేశాను. ఎలాగో చెప్తాను, మీరు ఆ తప్పు చేయకండి.

మీ కారుకి ఇది పనిచేస్తుందా?

ఓబీడీ అంటే ఇంజిన్ కంప్యూటర్ తనని తాను చెక్ చేసుకునే సిస్టమ్. అమెరికాలో 1996 నుంచి అన్ని కొత్త కార్లలో ఓబీడీ-2 ఉంది. మన దగ్గర బీఎస్-4తో పాటు 2010 ఏప్రిల్ నుంచి ఓబీడీ-1, 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 తప్పనిసరి అయ్యాయి. కాబట్టి 2013 తర్వాత తయారైన కారైతే దాదాపు నిశ్చింతగా కొనొచ్చు. అంతకుముందు కార్లలో స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ కనిపించినా, లోపల కంపెనీ సొంత ప్రోటోకాల్ ఉంటే ఈ చవక అడాప్టర్‌తో కనెక్ట్ అవ్వకపోవచ్చు. అలాంటి కారున్నవాళ్లు నిరాశపడక్కర్లేదు. కింద చెప్పబోయే మల్టీమీటర్ టెస్ట్ ఏ కారుకైనా పనిచేస్తుంది.

అడాప్టర్ కొనేటప్పుడు

వీటిలో చాలావరకు ఈఎల్ఎం327 అనే చిప్‌కి కాపీలు. ఒరిజినల్ చిప్ కెనడాలోని ఎల్మ్ ఎలక్ట్రానిక్స్‌ది, ఆ కంపెనీ 2022లో మూతపడింది. డబ్బా మీద 'వెర్షన్ 1.5' అని ఉంటే అది కచ్చితంగా కాపీనే, ఎందుకంటే అసలు కంపెనీ 1.5 అనే వెర్షన్ ఎప్పుడూ రిలీజ్ చేయలేదు. కాపీ అయినంత మాత్రాన పనిచేయదని కాదు, నాది కూడా కాపీయే. ఐఫోన్ వాడేవాళ్లు బ్లూటూత్ ఎల్ఈ లేదా వైఫై మోడల్ తీసుకోవాలి. పాత క్లాసిక్ బ్లూటూత్ మోడల్ ఆండ్రాయిడ్‌కే పనికొస్తుంది. యాప్ కోసం టార్క్ లేదా కార్ స్కానర్ చాలు. పని అయిపోయాక అడాప్టర్ పీకేయండి. సాకెట్‌కి ఎప్పుడూ కరెంట్ వస్తూనే ఉంటుంది, వారాల తరబడి వదిలేస్తే పాత బ్యాటరీ డౌన్ అవుతుంది.

కోడ్ చదివాను, తప్పు చేశాను

స్కాన్ చేస్తే రెండు కోడ్లు వచ్చాయి: పి-0300, పి-0562. మొదటి అక్షరం 'పి' అంటే ఇంజిన్, గేర్‌బాక్స్ విభాగం. తర్వాతి అంకె సున్నా అయితే అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం, ఒకటైతే కంపెనీ సొంత కోడ్. పి-0300 అంటే సిలిండర్లలో అక్కడక్కడా మిస్‌ఫైర్, మన మెకానిక్‌ల భాషలో 'మిస్సింగ్'. పి-0562 అంటే సిస్టమ్ వోల్టేజ్ తక్కువ.

నేనేం చేశానంటే, మిస్సింగ్ అనగానే ఇగ్నిషన్ కాయిల్ అనుకుని 2,400 పెట్టి కొత్తది వేశాను. కోడ్లు క్లియర్ చేశాను. మూడో రోజు రెండూ మళ్లీ వచ్చాయి.

ఆఫీసులో నేను రోజూ చేసే పనికి ఇది పూర్తిగా వ్యతిరేకం. సర్వర్ లాగ్‌లో యాభై ఎర్రర్లు వస్తే యాభై బగ్‌లు ఉన్నట్టు కాదు కదా. డేటాబేస్ కనెక్షన్ ఒక్కటి తెగితే మిగతావన్నీ దాని వెంట వస్తాయి. కారులో కూడా అంతే. వోల్టేజ్ పడిపోతే స్పార్క్ బలహీనమవుతుంది, మిస్సింగ్ వస్తుంది. నేను ఫలితాన్ని రిపేర్ చేశాను, కారణాన్ని వదిలేశాను. కోడ్ చెప్పేది 'ఎక్కడ వెతకాలి' అని మాత్రమే, 'ఏం మార్చాలి' అని కాదు.

ఇంకో తప్పు కూడా చేశాను. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఏ స్థితిలో ఉందో కంప్యూటర్ సేవ్ చేసుకుంటుంది, దాన్నే ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్ క్లియర్ చేస్తే అది కూడా పోతుంది. అందుకే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి.

లైవ్ డేటాలో దొరికిన క్లూ

రెండోసారి కోడ్ వచ్చాక ఫ్రీజ్ ఫ్రేమ్ చూశాను. స్పీడ్ సున్నా, ఐడిల్ మీద ఉంది, కూలెంట్ 97 డిగ్రీలు. అంటే ట్రాఫిక్‌లో ఆగి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగే సమయం. టోల్ ప్లాజా దగ్గర జరిగింది అదే.

ఇంటి ముందు కారు స్టార్ట్ చేసి యాప్‌లో వోల్టేజ్ గ్రాఫ్ పెట్టాను. ఏ లోడూ లేనప్పుడు 13.6. హెడ్‌లైట్లు, ఏసీ వేస్తే 12.5. ఫ్యాన్ తిరగగానే 12 చుట్టూ ఊగుతూ, ఒక్కోసారి ఇంకా కిందకి. బాగున్న కారులో ఇవన్నీ వేసినా 13 పైనే నిలబడాలి. ఇంత వరకు వస్తే ఎవరైనా ఆల్టర్నేటర్ అనే అంటారు. వర్క్‌షాప్ వాళ్లు అన్నదీ అదే.

మల్టీమీటర్ చెప్పిన నిజం

నందిగామలో మా వీధి చివర పాత మెకానిక్ ఒకాయన ఉన్నారు, నేను బాబాయ్ అంటాను. గ్రాఫ్ చూపిస్తే ఫోన్ వైపు ఒకసారి చూసి, "ఇదంతా సరే బాబూ, డైనమో దగ్గర ఎంతొస్తందో చూశావా?" అన్నారు. ఆల్టర్నేటర్‌ని ఇక్కడ అందరూ డైనమో అనే అంటారు. చూడలేదని ఒప్పుకున్నాను.

ఇంజిన్ ఆన్‌లో, అన్ని లోడ్లూ వేసి కొలిచాం. ఆల్టర్నేటర్ అవుట్‌పుట్‌కీ దాని బాడీకీ మధ్య 14.2 వోల్ట్‌లు. అంటే అది బంగారంలా ఉంది. బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య 12.1. మరి మధ్యలో 2.1 ఎక్కడికి పోయింది? ప్లస్ వైపు వైరులో 0.2 పోతోంది. బ్యాటరీ మైనస్‌కీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య పెడితే 1.9! కరెంట్ తిరిగి వచ్చే దారి, అంటే ఎర్త్ వైరు, లోపల తుప్పు పట్టి సగం మూసుకుపోయింది. పైన ప్లాస్టిక్ తొడుగు కొత్తగానే ఉంది కాబట్టి ఎవరికీ కనబడలేదు.

ఇదే వోల్టేజ్ డ్రాప్ టెస్ట్. మీరు చేయాలంటే:

1. మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్ట్‌ల రేంజ్‌లో పెట్టండి.
2. ఇంజిన్ ఆన్ చేసి హెడ్‌లైట్లు, ఏసీ, బ్లోయర్ వేయండి.
3. ఒక ప్రోబ్ బ్యాటరీ మైనస్ పోస్ట్ మీద (క్లాంప్ మీద కాదు), రెండోది ఇంజిన్ బ్లాక్ మీద పెయింట్ లేని చోట పెట్టండి.
4. 0.2 వోల్ట్‌లు దాటితే అనుమానించాలి. 0.5 దాటితే ఎర్త్ కచ్చితంగా చూడాలి.

బెల్ట్, ఫ్యాన్ దగ్గర చేతులు, చున్నీ, ఐడీ కార్డు తాడు లాంటివి జాగ్రత్త. ఫ్యాన్ ఎప్పుడు తిరుగుతుందో చెప్పలేం.

రిపేర్ ఇలా చేశాం. కారు ఆఫ్ చేసి 10 నంబర్ పానాతో ముందు మైనస్ టెర్మినల్ విప్పాం. బిగించేటప్పుడు అదే చివర. బోల్ట్ కూర్చునే చోట ఎమిరీ పేపర్‌తో మెటల్ మెరిసేదాకా రుద్దాం. అంతే మందం ఉన్న కొత్త ఎర్త్ వైరు గట్టిగా బిగించి, పైన కొంచెం వాజిలిన్ రాశాం. మళ్లీ కొలిస్తే 0.06. యాప్‌లో అన్ని లోడ్లతో 13.8.

వేరే కోడ్లకు కూడా ఇదే లెక్క

పి-0113 వస్తే గాలి ఉష్ణోగ్రత సెన్సార్ సర్క్యూట్ అని అర్థం. లైవ్ డేటా చూడండి. నందిగామ ఎండలో యాప్ మైనస్ 40 డిగ్రీలు చూపిస్తుంటే సెన్సార్ కొనక్కర్లేదు, ఎయిర్ ఫిల్టర్ మార్చినప్పుడు ప్లగ్ పెట్టడం మర్చిపోయారేమో చూడండి. వైరు తెగినా, ప్లగ్ ఊడినా అదే రీడింగ్ వస్తుంది.

పి-0171 అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. ఆక్సిజన్ సెన్సార్ కొనేముందు ఇన్‌టేక్ గొట్టాల్లో పగుళ్లు చూడండి. ఎండకి పాత రబ్బరు బిరుసెక్కి పగులుతుంది. పి-0420 వస్తే ఖరీదైన క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చేముందు సైలెన్సర్ పైపులో లీక్ ఉందేమో చూడాలి.

స్కానర్ పక్కన పెట్టాల్సిన సందర్భాలు

చెక్ ఇంజిన్ లైట్ మెల్లగా వెలిగి ఉంటే నెమ్మదిగా ఇంటికి రావచ్చు. టకటకా బ్లింక్ అవుతుంటే తీవ్రమైన మిస్సింగ్, బండి పక్కకు తీసి ఆపండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకండి. ఎయిర్‌బ్యాగ్ పసుపు వైర్ల జోలికి వెళ్లకండి. ఈ చవక అడాప్టర్లు ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు చాలా కార్లలో చదవలేవు కూడా.

మరొకటి మా ఏరియా వాళ్లకి బాగా తెలుసు. 2023 జులైలో ఐతవరం దగ్గర మున్నేరు నీళ్లు హైవే ఎక్కాయి. వరదలో మునిగిన కారుని 'ఒకసారి చూద్దాం' అని సెల్ఫ్ కొట్టకూడదు. సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బ్యాటరీ మైనస్ విప్పి టో చేయించడమే దారి.

మరి కొనాలా?

కొనండి. కానీ పక్కనే ఒక మామూలు మల్టీమీటర్ కూడా కొనండి. స్కానర్ ప్రశ్న చూపిస్తుంది, జవాబు కొలిచి తెలుసుకోవాలి. వీలైతే మీ ఊళ్లో పాత మెకానిక్ దగ్గర కూర్చుని ఒక టీ తాగండి. నేను ముందే ఆ పని చేసుంటే ఆ 2,400 మిగిలేవి.

కారు అమ్మలేదు. నాన్న ఇప్పటికీ రోజూ దాంట్లోనే జగ్గయ్యపేట వెళ్లొస్తున్నారు. పాత కాయిల్ డిక్కీలో ఉంది, స్పేర్‌గా.