పటములోని స్త్రీ

పటములు లేని యిల్లు నేడు మన దేశమున అరుదు. ఒకప్పుడు పెండ్లికో, పండుగకో బస్తీనుండి ఫొటోగ్రాఫరును పిలిపించి, కుటుంబమంతయు ఒకచో కూడి పటము తీయించుకొనుట ఒక ఉత్సవముగా నుండెడిది. ఇప్పుడు సెల్‌ఫోను చేతనున్న ప్రతివారును ఫొటోగ్రాఫరులే. పటము తీయుట యింత సులభమయ్యెను గాని, ఆ పటములో స్త్రీ యెట్లు కనబడవలెను, ఎవరికి కనబడవలెను, ఆ సంగతి నిర్ణయించువారెవరు అను ప్రశ్న మాత్రము సులభము కాలేదు. నేను హైదరాబాదులో నొక కళాశాలయందు ఫొటోగ్రఫీ అభ్యసించుచున్న విద్యార్థినిని. నేను చేసిన స్వల్పకృషియు, నాకు దారి చూపిన కొందరు స్త్రీల చిత్రప్రదర్శనములును నన్ను ఈ ప్రశ్నయొద్దకే తెచ్చినవి. ఆ సంగతులనే మీకు మనవి చేయుచున్నాను.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుగారి కొలువున ఫొటోగ్రాఫరుగా నుండిన రాజా దీన్‌దయాళుగారు (1844-1905) తీసిన దర్బారుల పటములు, వేటల పటములు, భవనముల పటములు నేటికిని ప్రదర్శనములలో చూపబడుచున్నవి. ఆయన 1892వ సంవత్సరమున హైదరాబాదునందు ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగా ఒక జనానా స్టూడియోను నెలకొల్పి, దాని నిర్వహణమును శ్రీమతి కెన్నీ-లెవిక్ అను ఆంగ్లవనితకు అప్పగించెను. ఆ కాలపు ఆచారమును తలచి మనము నవ్వుకొనవచ్చును. కాని ఆ స్టూడియోకు వచ్చిన స్త్రీల మనస్సును ఒక్కింత యోచింపుడు. వారికి తమ రూపము నిలిచియుండవలెనను కోరిక కలదు. పరులు తేరిపార చూడరాదను పట్టుదలయు కలదు. ఆ రెండింటిని మన్నించిన చోటు అది. నేటి ఫొటోగ్రాఫరులు ఈ రెండవ దానిని తరచుగా మరచుచున్నారు.

చూడబడుట యొక యెత్తు, కెమేరా పట్టి లోకమును తాను చూచుట మరియొక యెత్తు. మన దేశమున పత్రికలకు ఫొటోలు తీసిన మొదటి స్త్రీగా ప్రసిద్ధికెక్కిన హోమాయ్ వ్యారావాలాగారు 1913లో గుజరాతునందలి నవ్‌సారిలో జన్మించిరి. బొంబాయి జె.జె. కళాశాలయందు చదివి, ఫొటోగ్రఫీని తమ భర్తయైన మానెక్‌షాగారివలన నేర్చిరి. ఆమె తీసిన తొలి చిత్రములు ఆయన పేరుతోనే పత్రికలయందు వెలువడినవి. 1947 ఆగస్టునందు ఎఱ్ఱకోటపై మన జెండా ఎగిరిన ఘట్టమును ఆమె చీర కట్టుకొని, బరువైన కెమేరా మోసికొని తీసిరి. ఆడుది కెమేరాతో ఏమి చేయగలదని నాటివారు లెక్కచేయకపోవుటవలన తమకు అడ్డులేకుండెనని ఆమె చెప్పుచుండెడివారు. 1970లో ఆ వృత్తిని విడిచిరి. నలువదియేండ్ల తరువాత, 2010లో, ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళామందిరమునందు ఆమె జీవితకాలపు చిత్రములన్నిటికి పెద్ద ప్రదర్శనము జరిగినది. 2011లో పద్మవిభూషణ బిరుదము వచ్చినది. 2012లో ఆమె దివంగతులైరి. భర్త పేరు చాటున మొదలైన పని తుదకు ఆమె పేరనే గోడ కెక్కుటకు అన్ని సంవత్సరములు పట్టినది.

మన పూజాగదులలోని లక్ష్మీదేవి పటమును మీరందరును చూచియుందురు. తామరపువ్వుపై నిలిచి, ప్రక్కన ఏనుగు గల ఆ రూపము రవివర్మగారి చిత్రమునుండి ఇంటింటికి ప్రాకినది. బెంగళూరునందలి పుష్పమాలగారు 2000 నుండి 2004 వరకు క్లేర్ ఆర్నీ అను ఫొటోగ్రాఫరుతో కలిసి చేసిన చిత్రమాలికలో తామే ఆ లక్ష్మి వేషము ధరించి, అట్లే నిలిచి పటము తీయించుకొనిరి. అదే మాలికలో, తెల్లదొరలు ఆటవిక స్త్రీలను గళ్ళతెర ముందు నిలిపి కొలతలు తీసిన పటములను సైతము తమ శరీరముతోనే మరల నటించి చూపిరి. దేవతగా నిలిపినను, కొలతకఱ్ఱ ప్రక్క నిలిపినను, ఆ స్త్రీని అట్లు నిలువుమన్న వారు వేరొకరని ఆ చిత్రములు చెప్పకయే చెప్పుచున్నవి. వానిని చూచిన తరువాత ఏ పటము చూచినను, "ఈమెను ఇక్కడ నిలువుమన్న వారెవరు?" అని నాకు తోచుచుండును. 2019లో జరిగిన చెన్నై ఫొటో బియన్నాలే ప్రదర్శనమునకు కూర్పరిగా నుండినదియు ఈ పుష్పమాలగారే.

ఆ ప్రశ్నకు చక్కని సమాధానము నాకు గౌరీ గిల్‌గారి పనిలో కనబడినది. 2003లో రాజస్థానమునందలి లూణ్‌కరణ్‌సర్ అను ఎడారి పట్టణములో బాలికలకై ఒక మేళా జరిగినప్పుడు ఆమె అందొక ఫొటోల గుడారము వేసిరి. ఎట్లు నిలువవలెనో, ఎవరితో కూడ నిలువవలెనో, చేత ఏమి పట్టుకొనవలెనో నిర్ణయించినది ఆ బాలికలే. కొందరు చెలికత్తెలతో చేతులు పెనవేసికొని నిలిచిరి. కొందరు ఒంటరిగా, తిన్నగా మనవంక చూచుచు నిలిచిరి. తరువాత ఆమె కొందరు బాలికలకు కెమేరా పట్టుటయు నేర్పిరి. ఆ యెడారి ప్రాంతమునందు 1999 నుండి ఆమె చేసిన కృషికి 2023లో ప్రీ పిక్టే అను అంతర్జాతీయ బహుమానము లభించినది.

ఇక నా పని. మా కళాశాలలో "మీ యింటినిగూర్చి పండ్రెండు చిత్రములు" అను అభ్యాసము నిచ్చిరి. గోదావరి జిల్లాలోని మా అమ్మమ్మగారి యూరికి పోయి, ఇనుపపెట్టెలోని పాత ఆల్బములను తీసి చూచితిని. నూట పదునెనిమిది పటములలో మా పెద్దమ్మ రెండింటనే యున్నది. ఒకటి ఆమె పెండ్లినాటిది. రెండవదానిలో తలుపుప్రక్క ఆమె చీరచెంగు మాత్రము కనబడుచున్నది. ఇరువదితొమ్మిదవ యేట ఆమెకు భర్తృవియోగము కలిగినది. అటుపిమ్మట ఆ యింట ఐదు పెండ్లిండ్లు జరిగినవి. ఏ పెండ్లి పటమునందును ఆమె లేదు. పొమ్మని యెవరును అనలేదు; రమ్మనియు ఎవరును పిలువలేదు. ఫొటోగ్రాఫరు వచ్చువేళకు ఆమె తానే వంటయింటిలోనికి పోవుచుండెనట.

"పెద్దమ్మా, నీ ఫొటో ఎలా తియ్యమంటావ్?" అని అడిగితిని. రెండు దినములు ఆమె బదులు చెప్పలేదు. మూడవనాటి ఉదయమున స్నానము చేసి, ఆకుపచ్చని వెంకటగిరి చీర కట్టుకొని, మా తాతగారి చేతుల కుర్చీని సావిడి నడుమకు తానే లాగించి కూర్చుండెను. ఒడిలో లెక్కల పుస్తకము. కౌలు లెక్కలు, ధాన్యపు బస్తాల లెక్కలు ముప్పదియేండ్లుగా వ్రాయుచున్నది ఆమెయే. ఊరివారు మాత్రము వానిని మా మామయ్యగారి లెక్కలందురు. తూర్పు వాకిటినుండి వచ్చు ఎండవెలుగే చాలినది. ఆమె నవ్వలేదు. నావంక తిన్నగా చూచెను.

ఆ పటము నాలుగడుగుల యెత్తున అచ్చువేయించి ప్రదర్శనమున గోడపై పెట్టవలెనని నాకు ఉబలాటము. ఆమె యొప్పుకొనలేదు. "నా బొమ్మ నలుగురూ తిరిగేచోట గోడకి వేలాడదియ్యకే. నాతో మాట్లాడినట్టు కూచుని చూసేవాళ్ళకయితే చూపించు" అనెను. అప్పుడు నాకు జనానా స్టూడియో జ్ఞప్తికి వచ్చినది. నూరేండ్లు దాటినను ఆ కోరిక అదియే.

దారి చూపినది దయానితా సింగ్‌గారి పని. ఢిల్లీలో 1961లో జన్మించిన ఈమె, ప్రదర్శనము గోడమీదనే యుండవలెనను నియమమును విడిచిపెట్టిరి. 2017లో వెలువడిన ఆమె "మ్యూజియం భవన్" ఒక చిన్న పెట్టె. అందు మడతలుగా విప్పదగిన తొమ్మిది చిన్న పుస్తకములు కలవు. విప్పి బల్లపై నిలిపిన నదియే చిత్రశాల. మడిచి పెట్టెలో పెట్టిన నదియే పుస్తకము. 2022లో హాసెల్‌బ్లాడ్ బహుమానమును పొందిన మొదటి భారతీయురాలు ఈమెయే. ఆ మార్గముననే నేనును పండ్రెండు మడతల పుస్తకమొకటి చేసి, పెద్దమ్మ పాతచీర గుడ్డను అట్టకు అంటించితిని. ప్రదర్శనమున నా వంతు చోట ఒక బల్ల, ఒక కుర్చీ, ఆ పుస్తకము మాత్రమే. ఒక్కసారికి ఒక్కరు కూర్చుండి చూడవలెను.

పరీక్షకులలో నొకరు, గోడమీద పెద్దదిగా పెట్టినచో మరింత శోభించెడిదనిరి. శోభించెడిదేమో. కాని దారినపోవువారు ఒక క్షణము నిలిచి పోవుటకు మారుగా, కూర్చున్నవారు కడపటి మడత వరకు చూచిరి. ఇద్దరు ముగ్గురు స్త్రీలు పుస్తకము మూసి, తమ యింటి పిన్నమ్మలనుగూర్చి, మేనత్తలనుగూర్చి నాతో చెప్పుకొనిరి. మార్కుల పట్టికలో ఆ మాటలకు చోటు లేదు. నేను పుస్తకపు ప్రతి నొకదానిని పెద్దమ్మకు పంపితిని. ఆమె అట్టపై తన పేరు తన చేతివ్రాతతో వ్రాసికొని, పొలము పట్టాలుంచు పెట్టెలో దాచుకొనెనని మా అమ్మ చెప్పినది.

సోదరీమణులారా! ఇట్టి ప్రదర్శనములు చూచుటకు దూరదేశము పోనక్కరలేదు. హైదరాబాదులో 2015 నుండి ఇండియన్ ఫొటో ఫెస్టివల్ జరుగుచున్నది. పిల్లలను వెంటబెట్టుకొని ఒక పూట పోయి చూడుడు. అంతకంటె ముందు మీ యింటి పెట్టె తెరువుడు. ప్రతి పటము వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరము వ్రాయుడు. సిరా కాగితమునకు ఊరి ముఖములను చెరుపును. "ఫలానివారి భార్య" అని కాక, ఆమె పేరే వ్రాయుడు. పటములకు తేమ తగులనీయకుడు, ఎండ పడనీయకుడు, జిగురు పూయకుడు. సెల్‌ఫోనులోని వేలకొలది చిత్రములలో ఏడాదికి పదింటినైనను కాగితముపై అచ్చువేయించి దాచుడు. ఫోను చెడినను అవి నిలుచును. ఇంటి ఆడుబిడ్డ పటమును పదిమందికి పంపుటకు ముందు ఆమె నడుగుడు. వలదన్నచో మానుడు.

రాబోవు పెండ్లిలో ఫొటోగ్రాఫరు "అందరూ వచ్చారా?" అని అడిగినప్పుడు, ఎవరైన నొకరు వంటయింటిలోనికి తొంగిచూడుడు.