యాప్ నిర్మాతకు మొదటి పరీక్ష

ఒక బాలుడు చేతిఫోనులో వ్యాసము వ్రాసికొనుచున్నాడు. పుట నిండవచ్చినది. ఇంతలో మేనమామ ఫోను చేసెను. మాటలు ముగించి తిరిగి చూచునప్పటికి తెర తెల్లగా నున్నది. వ్రాసినదానిలో ఒక్క యక్షరమైనను మిగులలేదు. బాలుడు ఫోనును నిందించెను. కాని దోషము ఫోనుది కాదు, ఆ యాప్‌ను నిర్మించినవానిది.

నేడు ప్రపంచములోని స్మార్ట్‌ఫోనులలో అధికభాగమును నడపునది ఆండ్రాయిడ్ అను వ్యవస్థ. దీని నిర్మాణమును 2003లో అమెరికా దేశమునందలి కాలిఫోర్నియాలో ఆండీ రూబిన్ మొదలగు నలువురు ప్రారంభించిరి. 2005లో గూగుల్ సంస్థ దానిని కొనెను. 2008లో వెలువడిన తొలి ఆండ్రాయిడ్ ఫోనునందు పని జరుగు మెమొరీ 192 మెగాబైట్లు మాత్రమే. అంత యిఱుకు తావున అనేకములగు యాప్‌లు ఒక్కసారిగా మెలగుట కష్టము. కావున వ్యవస్థ ఒక కఠిన నియమమును పాటించును. కంటి కెదుట నున్న యాప్‌దే అగ్రస్థానము; మఱుగునకు పోయినది, తావు చాలనిచో, చెప్పకయే తొలగింపబడును. మెమొరీ నేడు ఎన్నో రెట్లు పెరిగినను ఈ నియమము మాత్రము పోలేదు.

యాప్‌ను సాధారణముగా కంప్యూటరుపై వ్రాయుదురు. ఇందులకు ఆండ్రాయిడ్ స్టూడియో అను సాధనము ఉచితముగా లభించును. చేత ఫోను లేనివారికి అది కంప్యూటరు తెరమీదనే ఒక బొమ్మఫోనును నిలిపి చూపును. తొలుత జావా భాష వాడుకలో నుండెను. 2017లో కాట్లిన్ భాషకును అధికారికముగా చోటు లభించినది. రెండును ద్వీపముల పేర్లే యగుట యొక వింత.

యాప్‌లోని తెరను సాధారణముగా యాక్టివిటీ అందురు. దానికి పుట్టుక, మెలకువ, నిద్ర, మరణము కలవు. పుట్టునప్పుడు ‘ఆన్‌క్రియేట్’ అనియు, ముందునకు వచ్చునప్పుడు ‘ఆన్‌రెజ్యూమ్’ అనియు, వెనుకకు జరుగునప్పుడు ‘ఆన్‌పాజ్’ అనియు, పూర్తిగా మఱుగైనప్పుడు ‘ఆన్‌స్టాప్’ అనియు వ్యవస్థ పిలుచును. ఏ పిలుపునకు ఏమి చేయవలెనో నిర్మాత ముందే వ్రాసియుంచవలెను. కడపటి పిలుపు ‘ఆన్‌డిస్ట్రాయ్’. అది వచ్చితీరు నను నమ్మకము లేదు. అంత్యకాలమున సర్వమును భద్రపఱుతునని కూర్చున్న యాప్‌నకు ఆ గడియ దొరకకయే పోవచ్చును. పై బాలుని వ్యాసము పోయినది ఇట్లే.

ఫోనును నిలువునుండి అడ్డమునకు త్రిప్పినను ఇట్టి చిక్కే. చూచువారికి ఒకే తెర ప్రక్కకు వాలినట్లు తోచును. నిజమునకు వ్యవస్థ, వేఱుగా చెప్పనంతవఱకు, ఆ తెరను నశింపజేసి క్రొత్త కొలతలకు మరల నిర్మించును. పాత తెర తనలో నుంచుకొన్న ఆట లెక్క దానితోనే పోయి, ఆటగాని పాయింట్లు సున్నకు దిగును!

దీనికి ఉపాయము కలదు. చిన్న విషయములను ‘బండిల్’, అనగా మూట, అను దానిలో కట్టి వ్యవస్థ చేతికిచ్చినచో, అది క్రొత్త తెర పుట్టగానే ఆ మూటను అందించును. వ్యాసము వంటి పెద్ద వస్తువు మూటలో పట్టదు. దానిని వ్రాయుచుండగనే ఫైలులో భద్రపఱచుచుండవలెను.

విడిచిన తెరను విడిచినట్లే నశింపజేయు మీట యొకటి ఫోనులోని డెవలపర్ సెట్టింగులలో కలదు. అనుభవజ్ఞులు దానిని నొక్కి, తమ యాప్‌లో నాలుగు వాక్యములు వ్రాసి, వేఱొక యాప్‌నకు పోయి, మరలివచ్చి, ఆ నాలుగు వాక్యములును ఉన్నవో లేవో చూచుకొందురు.